మొదటి రీసెర్చ్ పేపరు: జర్నల్ వెతకడం నుంచి డీఓఐ చేతికొచ్చేదాకా

2025 ఫిబ్రవరిలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తాను ఒప్పుకునే జర్నళ్ల పేర్లుండే కేర్ జాబితాను ఆపేసింది. అప్పటిదాకా మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది పీహెచ్‌డీ స్కాలర్లు పేపరు పంపే ముందు చేసుకున్న పరీక్ష ఒక్కటే: జర్నల్ పేరు ఆ జాబితాలో ఉందా, లేదా? ఇప్పుడు ఆ జాబితా లేదు. కొన్ని కొలమానాలు సూచనగా ఇచ్చి, మంచి జర్నల్ ఏదో తేల్చుకునే పని విద్యాసంస్థలకే వదిలేసింది యూజీసీ. ఆచరణలో ఆ బరువు వచ్చి పడింది స్కాలరు మీదా, గైడు మీదా. ఒక జర్నల్‌ను సొంతంగా పరీక్షించడం నిజానికి గంట పని. ఆ గంట పెట్టకుండా పంపితే మాత్రం ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు, సర్వేలు బూడిదలో పోసిన పన్నీరవుతాయి. ఒకసారి చెత్త జర్నల్లో అచ్చయిన ఫలితాన్ని మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు. అందుకే ఈ వ్యాసంలో రాయడం గురించి కన్నా జర్నల్‌ను పరీక్షించడం గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు మీకేం కావాలో కాగితం మీద చూసుకోండి

2016 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చే ముందు నిపుణులు పరీక్షించాకే పేపర్లు వేసే రిఫరీడ్ జర్నల్లో ఒక పేపరు, సదస్సుల్లో రెండు ప్రెజెంటేషన్లు తప్పనిసరి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో యూజీసీ ఆ షరతు తీసేసింది. అంతమాత్రాన మీకు పేపరు అక్కర్లేదని కాదు. విశ్వవిద్యాలయాలు తమ సొంత షరతు పెట్టుకోవచ్చు, చాలాచోట్ల పెట్టుకున్నాయి కూడా. సీనియర్లు చెప్పిన లెక్క వాళ్ల బ్యాచ్‌ది. మీ రిజిస్ట్రేషన్ సంవత్సరానికి వర్తించే నిబంధన కాపీని రీసెర్చ్ సెక్షన్ నుంచి తెచ్చుకుని మూడు విషయాలు చూడండి. ఎన్ని పేపర్లు? స్కోపస్‌లోనో వెబ్ ఆఫ్ సైన్స్‌లోనో (జర్నళ్లను ఎంచి నమోదు చేసుకునే డేటాబేసులు ఇవి) ఉన్న జర్నలే కావాలా, పీర్ రివ్యూ, అంటే తోటి నిపుణుల పరీక్ష, ఉన్న ఏ జర్నలైనా చాలా? పేపరు అచ్చయి ఉండాలా, యాక్సెప్టెన్స్ లెటర్ సరిపోతుందా? ఈ మూడోది తెలియకే ప్రీ-సబ్మిషన్ సెమినార్ దగ్గర చాలామంది ఆగిపోతారు. యాక్సెప్ట్ అయిన పేపరు ఒక సంచికలోకి ఎక్కడానికి కొన్ని జర్నళ్లలో ఏడాది కూడా పడుతుంది.

రాయక ముందే జర్నల్

పేపరంతా రాసి, ఆ తర్వాత "దీన్ని ఎక్కడికి పంపుదాం" అని వెతకడం మన దగ్గర అలవాటు. అది తలకిందుల పద్ధతి. ఒక జర్నల్ 4,000 పదాలే ఒప్పుకుంటుంది, ఇంకొకటి 9,000 వరకు ఇస్తుంది. ఒకదానికి గణాంక పద్ధతి వివరంగా కావాలి, ఇంకొకదానికి విధాన పరమైన చర్చ కావాలి. ఇవి తెలిశాకే రాయడం మొదలుపెట్టాలి.

వెతకడానికి అన్నిటికన్నా నమ్మకమైన చోటు మీ రిఫరెన్సుల జాబితాయే. గత ఐదేళ్లలో వచ్చిన, మీరు బాగా వాడుకున్న పాతిక పేపర్లు తీసుకుని ఏ జర్నల్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మూడు, నాలుగు పేర్లు తేలతాయి. ఒక్కోదాని వెబ్‌సైటులో "ఎయిమ్స్ అండ్ స్కోప్" పేజీ చదివి, ఈ ఏడాది వచ్చిన మూడు పేపర్లు తెరిచి చూడండి. మీ పేపరు వాటి పక్కన కూర్చుంటుందా అన్నదే ప్రశ్న. ఎల్సెవియర్, స్ప్రింగర్ లాంటి సంస్థల సైట్లలో అబ్‌స్ట్రాక్ట్ పేస్టు చేస్తే జర్నల్ పేర్లు సూచించే సాధనాలు ఉంటాయి. వాడండి, కానీ అవి తమ సొంత జర్నళ్లనే చూపిస్తాయని గుర్తుంచుకోండి.

చదవడానికి పేపర్లు దొరకవన్న ఇబ్బంది ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వాళ్లకు చాలావరకు తీరింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు తెరుచుకున్నాయి. ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లు పేపరు రచయితకే మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పెడితే చాలామంది కాపీ పంపిస్తారు.

గంటసేపు జర్నల్ పరీక్ష

మొదట ఐఎస్ఎస్ఎన్. ఇది పత్రికలకు ఇచ్చే ఎనిమిది స్థానాల గుర్తింపు సంఖ్య, నాలుగు నాలుగుగా మధ్యలో గీతతో రాస్తారు. చివరి అంకె మొదటి ఏడింటి నుంచి లెక్క కట్టి వచ్చేది. కాబట్టి కల్పించిన నంబరును కాగితం మీదే పట్టుకోవచ్చు. బెంగళూరు నుంచి 1932లో మొదలైన కరెంట్ సైన్స్ ఐఎస్ఎస్ఎన్ 0011-3891. మొదటి ఏడు అంకెల్ని వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 0, 0, 6, 5, 12, 24, 18. మొత్తం 65. దాన్ని 11తో భాగిస్తే శేషం 10. 11లోంచి 10 తీసేస్తే 1. చివరి అంకె 1 అవ్వాలి, అయింది. శేషం సున్నా వస్తే చివరి అంకె కూడా సున్నాయే. తీసివేతలో 10 వస్తే అక్కడ ఎక్స్ అక్షరం వేస్తారు. లెక్క కుదరకపోతే ఆ నంబరు దొంగది, ఇక ముందుకు వెళ్లక్కర్లేదు. కుదిరితే ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి, వచ్చిన పేరు మీ జర్నల్ పేరేనా చూడండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా, గుర్తింపు ఉన్నట్టే" అనుకుంటారు. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన ఇంజను బాగున్నట్టు కాదు. ఐఎస్ఎస్ఎన్ ఏ పత్రికకైనా ఇస్తారు, నాణ్యత చూసి ఇవ్వరు.

రెండోది ఇండెక్సింగ్, అంటే జర్నల్ ఏ డేటాబేసులో నమోదై ఉందన్నది. "స్కోపస్ ఇండెక్స్‌డ్" అని జర్నల్ తన సైటులో రాసుకున్నది నమ్మొద్దు, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ అసలే వద్దు. స్కోపస్ సోర్సెస్ పేజీ ఉచితంగానే తెరుచుకుంటుంది. అందులో పేరుతో కాక ఐఎస్ఎస్ఎన్‌తో వెతకండి. ఒకే రకం పేర్లున్న జర్నళ్లు బోలెడు. దొరికాక "కవరేజ్" అన్న వరుస చూడండి. 2014 నుంచి ఇప్పటిదాకా అని ఉంటే సరే. 2014 నుంచి 2021 వరకు అని ఆగిపోయి ఉంటే ఆ జర్నల్‌ను స్కోపస్ ఇప్పుడు తీసుకోవడం లేదు. పాత పేపర్లు మాత్రం అక్కడే ఉంటాయి కాబట్టి పేరు ఇంకా కనిపిస్తుంది. డబ్బు తీసుకుని పేపరు వేయిస్తామనే ఏజెంట్లు చూపించేది ఆ పాత పేరునే. వెబ్ ఆఫ్ సైన్స్‌కైతే మాస్టర్ జర్నల్ లిస్ట్ ఉంది. ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే, అలాంటివాటి కోసం 2003లో మొదలైన డీఓఏజే జాబితాలో ఉందా చూడండి.

జర్నల్ సైటుకు గూగుల్ నుంచి కాక ఈ ఇండెక్సుల్లో ఇచ్చిన లింకు నుంచే వెళ్లండి. అసలు జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్, ముఖచిత్రం అన్నీ ఎత్తుకొచ్చి నకిలీ సైటు పెట్టి డబ్బు దండుకునే ముఠాలున్నాయి. జర్నల్ అసలుదే, సైటు దొంగది. అక్కడ కట్టిన డబ్బు పోతుంది, పేపరు ఎక్కడా లెక్కకు రాదు.

మూడోది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. దీని లెక్క తెలిస్తే మోసం తేలిగ్గా కనబడుతుంది. ఒక జర్నల్ 2022, 2023లలో కలిపి 100 పేపర్లు వేసిందనుకోండి. 2024లో ఆ పేపర్లను 150 సార్లు ఉదహరిస్తే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.5. ఈ లెక్క కట్టి ఏటా జూన్‌లో విడుదల చేసేది క్లారివేట్ సంస్థ జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ ఒక్కటే. ముందు వేరే మాటలు తగిలించిన "ఇంపాక్ట్ ఫ్యాక్టర్" కనబడితే అది డబ్బు తీసుకుని అంకె అంటించే దుకాణం సరుకు. స్కోపస్ వాళ్ల సైట్‌స్కోర్ వేరు. అది నాలుగేళ్ల మీద కట్టేది, అదీ నిజమైనదే. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

నాలుగోది డీఓఐ, అంటే ఒక్కో పేపరుకు విడిగా ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. జర్నల్ పాత సంచికలోంచి ఏదో ఒక పేపరు డీఓఐ తీసుకోండి. ఎప్పుడూ 10 అంకె, దాని పక్కన చుక్కతో మొదలవుతుంది. దాన్ని డీఓఐ సంస్థ సైటులో కొట్టండి. అసలైనదైతే నేరుగా ఆ పేపరు పేజీకే తీసుకెళ్తుంది. "దొరకలేదు" అని వస్తే ఆ జర్నల్ డీఓఐ లాగా కనిపించే అంకెలు సొంతంగా రాసుకుందన్నమాట.

ఆ తర్వాత సంపాదకవర్గం. ఇద్దరు ముగ్గురి పేర్లు తీసుకుని వాళ్ల యూనివర్సిటీ పేజీల్లో చూడండి. తాము ఈ జర్నల్ సంపాదకులమని వాళ్లు ఎక్కడా చెప్పుకోకపోతే ఒక మెయిల్ పెట్టి అడగండి. తమ పేరు అక్కడ ఉన్న సంగతే తెలియని ప్రొఫెసర్లు ఉంటారు.

చివరగా, జర్నల్ ఇచ్చే మాట వినండి. "ఐదు రోజుల్లో యాక్సెప్టెన్స్" అన్న వాగ్దానమే చాలు వదిలేయడానికి. ఇద్దరు రివ్యూయర్లు దొరికి, చదివి, రాసి పంపడానికి వారాలు పడుతుంది, అంతకు ముందే ఒప్పుకుంటామంటే ఎవరూ చదవడం లేదని అర్థం. ఇంజనీరింగ్, వైద్యం, తెలుగు సాహిత్యం అన్నీ ఒకే జర్నల్లో వేస్తున్నారంటే కూడా అంతే.

ఈ మోసం మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ గురించి, సంపాదకుల గురించి, ఫీజుల గురించి పరిశోధకులను తప్పుదోవ పట్టించిందని తేల్చిన అక్కడి కోర్టు 2019 మార్చిలో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది. అంతకు ముందు, 2013లో, జాన్ బొహానన్ అనే విలేకరి కావాలనే ఘోరమైన తప్పులు పెట్టి రాసిన ఒక బూటకపు పేపరును 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి. ఆ ఫలితాన్ని సైన్స్ పత్రిక అచ్చువేసింది.

పేరున్న సంస్థ అయినా గుడ్డిగా నమ్మడానికి లేదు. వైలీ కొనుక్కున్న హిందావి జర్నళ్లలోకి పేపర్ మిల్లుల (డబ్బుకు పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాల) సరుకు చొరబడి, ఒక్క 2023లోనే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వాటి పక్కనే నిజాయితీగా రాసి వేసుకున్నవాళ్ల పేపర్ల మీదా ఆ మచ్చ నీడ పడింది. వాట్సాప్ గ్రూపుల్లో "స్కోపస్ పేపరు గ్యారంటీ, రెండో రచయిత స్థానం ఇంత, మూడోది ఇంత" అని వచ్చే సందేశాలు ఈ మిల్లులవే. ఆ పేపరు తర్వాత వెనక్కి పోతే రిట్రాక్షన్ ముద్రతో మీ పేరు శాశ్వతంగా కనబడుతుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెతికినప్పుడు మొదట కనిపించేది అదే.

డబ్బు సంగతి

మంచి జర్నల్లో వేయాలంటే డబ్బు కట్టాలన్న మాట తప్పు. చందా మీద నడిచే జర్నళ్లు రచయిత దగ్గర మామూలుగా ఏమీ తీసుకోవు. పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ప్రచురణ రుసుము, అంటే ఏపీసీ, తీసుకుంటాయి. రెండూ కలిసినవి హైబ్రిడ్. నేచర్ పత్రిక ఓపెన్ యాక్సెస్ మొదలుపెట్టినప్పుడు పెట్టిన ధర 9,500 యూరోలు. అదే పత్రికలో చందా దారిలో వేసుకుంటే రచయితకు ఖర్చు లేదు. పాఠకుడి దగ్గరా రచయిత దగ్గరా తీసుకోకుండా నడిచే జర్నళ్లూ ఉన్నాయి, వాటిని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు.

హైబ్రిడ్ జర్నల్లో పొరపాటు జరిగేది చిట్టచివరి మెట్టు మీద. పేపరు యాక్సెప్ట్ అయిన సంతోషంలో లైసెన్సు ఫారం నింపుతూ "ఓపెన్ యాక్సెస్" గడిలో టిక్కు పెట్టేస్తారు. మర్నాడు రెండు మూడు వేల డాలర్ల ఇన్‌వాయిసు వస్తుంది. "సబ్‌స్క్రిప్షన్" అన్న గడి పక్కనే ఉంటుంది, అక్కడే ఆగి చదవాలి. పొరపాటున టిక్కు పెట్టేస్తే పేపరు ఆన్‌లైన్‌లోకి రాకముందే ప్రొడక్షన్ విభాగానికి మెయిల్ పెట్టండి, అప్పుడైతే మార్చే అవకాశం ఉంటుంది.

రుసుములో మినహాయింపు కావాలంటే పేపరు పంపేటప్పుడే అడగాలి, యాక్సెప్ట్ అయ్యాక కాదు. పేద దేశాలకు దానంతటదే వచ్చే మినహాయింపుల జాబితాల్లో భారత్ సాధారణంగా ఉండదు, కాబట్టి విడిగా రాసి అడగాల్సిందే.

పేర్లు: మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు

మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాం. జర్నళ్ల సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది. కె. వెంకటేశ్వరరావు అన్న పేరును ఇంగ్లీషులో విడగొట్టి రాస్తే డేటాబేసులో "రావు కె.వి." అవుతుంది. అలాంటి రావులు, రెడ్లు, కుమార్‌లు వందల మంది. మీ సైటేషన్లు ఇంకొకరి ఖాతాలో, వాళ్లవి మీ ఖాతాలో పడతాయి. ఒక పేపరులో పొడి అక్షరం, ఇంకో పేపరులో పూర్తి ఇంటిపేరు రాస్తే మీరే ఇద్దరు మనుషులవుతారు.

మొదటి పేపరుకే ఒక రూపం ఖాయం చేసుకోండి, జీవితాంతం అక్షరం మార్చకండి. పొడి అక్షరాలు విప్పి పూర్తిగా రాయడం మేలు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నా ప్రచురణల్లో పాత పేరే కొనసాగించడంలో తప్పేమీ లేదు. పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ నంబరు ఉచితంగా తీసుకోండి. పదహారు స్థానాల ఆ గుర్తింపు సంఖ్య 2012 నుంచి ఉంది, చాలా జర్నళ్లు తప్పనిసరిగా అడుగుతున్నాయి. ఇంకో మాట: జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరెస్పాండింగ్ ఆథర్‌గా యూనివర్సిటీ మెయిల్ ఒక్కటే ఇస్తే, డిగ్రీ అయ్యాక ఆ ఖాతా మూసేసినప్పుడు పాఠకుల ప్రశ్నలు, జర్నల్ ఉత్తరాలు మీకు చేరవు. ఎప్పటికీ ఉండే మెయిల్ కూడా ఆర్కిడ్‌లో జోడించండి.

రచయితల వరుస మొదటి డ్రాఫ్టు రాయక ముందే మాట్లాడుకోండి. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన షరతులు నాలుగు, అవి ఇప్పుడు ఇతర శాస్త్రాల్లోనూ చెల్లుతున్నాయి: పనిలో చెప్పుకోదగ్గ పాలు, రాయడంలోనో దిద్దడంలోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, పేపరులోని ప్రతి విషయానికీ జవాబుదారీ. ఈ నాలుగూ ఉన్నవాళ్లే రచయితలు. ల్యాబ్ వాడుకోనిచ్చినవాళ్లకు, నిధులు తెచ్చినవాళ్లకు కృతజ్ఞతల్లో చోటుంది. మర్యాదకు పేరు పెట్టడం మన డిపార్ట్‌మెంట్లలో పాతుకుపోయిన అలవాటు. కానీ అందులో రేపు ఏదైనా తప్పు తేలితే ఆ మర్యాద పేరుకు కూడా బాధ్యత చుట్టుకుంటుంది. అధ్యాపకుల నియామకాలకు యూజీసీ 2018 నిబంధనల పాయింట్ల లెక్కలో ఇద్దరు రచయితలైతే చెరి 70 శాతం. ఇద్దరికన్నా ఎక్కువైతే మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితకు 70, మిగతావాళ్లకు తలా 30 శాతం. వరుస గురించి గొడవలెందుకు వస్తాయో ఈ లెక్కలోనే ఉంది. చాట్‌జీపీటీ లాంటి సాధనాన్ని రచయితగా వేయకూడదని ప్రచురణ నైతికత చూసే కోప్ సంస్థ 2023లోనే చెప్పింది. భాష దిద్దుకోవడానికి వాడితే ఆ సంగతి చెప్పండి, రిఫరెన్సులు మాత్రం దానితో పెట్టించకండి. లేని పేపర్లను ఉన్నట్టు అందంగా రాసిపెడుతుంది.

రాతలో తప్పులు జరిగే చోట్లు

ముందు బొమ్మలు, పట్టికలు సిద్ధం చేయండి. తర్వాత పద్ధతి, ఫలితాలు, చర్చ, ఆపైన ఉపోద్ఘాతం, అన్నిటికన్నా చివర అబ్‌స్ట్రాక్ట్. సాధారణంగా అబ్‌స్ట్రాక్ట్ 150 నుంచి 250 పదాలు. అందులో ఒక్క ఫలితమైనా అంకెతో సహా ఉండాలి. "ఫలితాలు చర్చించబడ్డాయి" అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు.

బొమ్మల రిజల్యూషన్ కోసం చాలా పేపర్లు వెనక్కి వస్తాయి. 300 డీపీఐ అంటే అంగుళానికి 300 చుక్కలు. రెండు కాలమ్‌ల పేజీలో ఒక కాలమ్ వెడల్పు ఇంచుమించు 3.5 అంగుళాలు, కాబట్టి బొమ్మ కనీసం 1,050 పిక్సెళ్ల వెడల్పుండాలి. గీతల గ్రాఫులకు 600 డీపీఐ, అంతకు మించి కూడా అడుగుతారు. ఎక్సెల్ గ్రాఫును స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో గైడు గారికి పంపి, అక్కడి నుంచి దింపుకుని వర్డ్‌లో పెట్టిన బొమ్మ ఎంత పెంచినా మసకగానే ఉంటుంది. గ్రాఫు గీసిన సాఫ్ట్‌వేర్ నుంచే టిఫ్ లేదా పీడీఎఫ్‌గా ఎగుమతి చేయండి.

మనుషుల మీద అధ్యయనమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా సేకరణకు ముందే ఉండాలి, తర్వాత తెచ్చుకునేది కాదు. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోక ముందే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు కావాలి. ఇది తప్పితే రాత ఎంత బాగున్నా మంచి జర్నల్ తలుపు తెరవదు. పేటెంటు తీసుకునే ఆలోచన ఉన్న ఇంజనీరింగ్, ఫార్మసీ స్కాలర్లు పేపరు బయటికి రాకముందే ప్రొవిజనల్ అప్లికేషన్ వేయాలి. ఆ తర్వాత పూర్తి అప్లికేషన్‌కు 12 నెలల గడువుంటుంది.

మీ రాత ఇతరుల రాతతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్ చెప్పే సిమిలారిటీ శాతం గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. గ్రంథచౌర్యం మీద యూజీసీ పెట్టిన 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 పైన 40 వరకు ఉంటే థీసిస్ దిద్ది ఆరు నెలల లోపు మళ్లీ ఇవ్వాలి, 40 పైన 60 వరకు ఉంటే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. జర్నల్ ఎడిటరు చూసేది మొత్తం శాతం కాదు, ఎక్కడ కలిసిందన్నది. పద్ధతుల భాగంలో చెదురుమదురుగా 15 శాతం కలిసినా పెద్ద పట్టింపు ఉండదు. చర్చలో ఒకే పేపరు నుంచి ఒక పేరా మొత్తం దిగితే 4 శాతమైనా తిప్పి పంపుతారు. పర్యాయపదాలు మార్చి శాతం తగ్గించే సాధనాలు వాడితే సాంకేతిక పదాలు వింత వింతగా మారిపోతాయి. పేపర్ మిల్లుల్ని పట్టుకునేవాళ్లు వెతికేది ఆ వింత పదాల్నే.

తెలుగులో రాసేవాళ్లకు ఒక ప్రత్యేక సూచన. అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసం తెర మీద తెలుగులా కనిపించినా కంప్యూటర్ లోపల అవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. గూగుల్‌కు దొరకదు, సిమిలారిటీ సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాదు. పత్రిక అను ఫైలే అడిగినా మీ దగ్గర మాత్రం యూనికోడ్ ప్రతి ఉంచుకోండి. భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలోకి మీ థీసిస్ ఎక్కినప్పుడు వెతికేవాళ్లకు దొరికేది యూనికోడ్‌లో ఉన్నదే.

పంపాక

ఒకసారికి ఒక్క జర్నల్‌కే పంపాలి. రెండుచోట్లకు పంపడం నేరుగా అనైతికం, దొరికితే రెండూ తిరస్కరిస్తాయి. కవర్ లెటర్ ఒక పేజీ దాటకూడదు: ఏం కనుక్కున్నారు, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు పనికొస్తుంది, ఇంకెక్కడా పరిశీలనలో లేదన్న హామీ. రివ్యూయర్ల పేర్లు సూచించమంటే మీ గైడు స్నేహితుల్ని, సహరచయితల్ని ఇవ్వకండి. మీరు ఉదహరించిన, మీతో ఎప్పుడూ పనిచేయని వాళ్ల పేర్లు వాళ్ల సంస్థ మెయిల్‌తో సహా ఇవ్వండి.

ఎడిటరు దగ్గరే తిరస్కరణ అయితే సాధారణంగా రెండు మూడు వారాల్లో తెలుస్తుంది. రివ్యూకు వెళ్తే రెండు నుంచి ఆరు నెలలు, మానవీయ శాస్త్రాల్లో అంతకన్నా ఎక్కువ. మూడు నెలలు దాటాక ఒక మర్యాదైన మెయిల్ పెట్టొచ్చు, వారం వారం పెట్టకూడదు. "మేజర్ రివిజన్", అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని, వస్తే గుండె జారిపోనక్కర్లేదు. అది మంచి కబురే. పనికిరాదనుకుంటే అంత సేపు చదివి అన్ని ప్రశ్నలు వేయరు.

రివ్యూయర్లకు జవాబు రాయడమే మొత్తం పనిలో అతి సున్నితమైనది. నల్గొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పేపరు అనుకుందాం. రివ్యూయర్ అడిగాడు: "శాంపిళ్లు వేసవిలోనే తీశారు. వర్షాల తర్వాత స్థాయి మారదా?" చాలామంది ఇలా రాస్తారు: "మీ విలువైన సూచనకు ధన్యవాదాలు. దిద్దాం." ఎడిటరుకు ఇందులో ఏమీ తెలియదు. రాయాల్సింది ఇలా: "నిజమే, వేసవిలోనే తీశాం. వర్షాకాలం తర్వాతి శాంపిళ్లు మా దగ్గర లేవు. అందుకే నిర్ధారణల్లో 'ఏడాది పొడవునా' అన్న మాట తీసేసి 'వేసవిలో' అని మార్చాం (పేజీ 11, వరుస 214). కాలాన్ని బట్టి మార్పు ఈ అధ్యయనం పరిధిలోకి రాలేదని పరిమితుల్లో చేర్చాం (పేజీ 12, వరుస 240)." ప్రతి వ్యాఖ్యనూ ఉన్నదున్నట్టు కాపీ చేసి, కింద జవాబు, ఎక్కడ మార్చారో పేజీ, వరుస ఇవ్వాలి. ఒక్క వ్యాఖ్య కూడా వదలకూడదు. రివ్యూయర్ పొరబడ్డాడనుకుంటే ఆధారం చూపించి ఒప్పుకోకుండా ఉండొచ్చు, ఎడిటర్లు దాన్ని గౌరవిస్తారు. కానీ అతనికి తప్పుగా అర్థమైందంటే మీ వాక్యం సరిగా లేదన్నమాట. ముందు దాన్ని దిద్దండి.

యాక్సెప్ట్ అయ్యాక

ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు మీరు సరిచూడాల్సిన ప్రతులు, రెండు మూడు రోజుల గడువుతో వస్తాయి. పేర్ల స్పెల్లింగు, సంస్థ పేరు, పట్టికల్లో దశాంశ బిందువులు, ప్రమాణాలు, నిధుల నంబరు, ఈ ఐదూ ఒక్కొక్కటిగా చూడండి. ఇక్కడ దాటిపోయిన తప్పుకు తర్వాత సవరణ ప్రకటన వేయించుకోవాలి, అది శాశ్వతంగా పేపరుకు అంటుకుని ఉంటుంది.

కాపీరైటు జర్నల్‌కు రాసిచ్చినా, రివ్యూ పూర్తయి ఒప్పుకున్న మీ సొంత వర్డ్ ప్రతిని సంస్థ రిపాజిటరీలో పెట్టుకునే హక్కు చాలా జర్నళ్లు ఇస్తాయి. కొన్ని 12 లేదా 24 నెలల తర్వాతే పెట్టమంటాయి. జర్నల్ లేఅవుట్ చేసిన పీడీఎఫ్‌ను మాత్రం పెట్టకూడదు. ప్రచురించిన పేపరును థీసిస్‌లో అధ్యాయంగా వాడుకునే వీలు కాపీరైటు ఒప్పందంలో ఉందో లేదో సంతకం పెట్టే ముందే చదివి, ఆ పేజీ కాపీ దాచుకోండి. సిమిలారిటీ రిపోర్టులో మీ పేపరే మీ థీసిస్‌తో కలిసినప్పుడు అది చూపించాల్సి వస్తుంది.

డీఓఐ వచ్చిన వారంలో ఆర్కిడ్‌లో పేపరు చేరిందా చూడండి. రెండు నెలల తర్వాత స్కోపస్‌లో మీ పేరు వెతకండి. ఇంటిపేరు తారుమారై మీ పేపర్లు రెండు ప్రొఫైళ్లలో పడి ఉంటే, రచయిత ఫీడ్‌బ్యాక్ ఫారంలో రెండింటినీ టిక్కు పెట్టి కలపమని అడగండి, డబ్బేమీ తీసుకోరు. పేపర్లు రెండే ఉన్నప్పుడు అయితే పది నిమిషాల పని, ఇరవై అయ్యాక ఒక పూట పడుతుంది.